మూత పెట్టినంతసేపు

ఫోన్ల అంగడి మునిప్రసాద్ రెండు ఫోన్లనూ భుజం మీది తువాలుతో తుడిచి, సంగటి తినే రేకు బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. ఒకటి నీలం రంగుది, పలచగా, అరచేతి కన్నా పెద్దగా ఉంది. ఇంకొకటి నల్లది, మందం, ఒక మూల చిన్న సొట్ట.

"రెండూ చేతులు మారినవే గంగులక్కా. అయినా మంచి సరుకు. ఆదివారం దాకా వాడి సూడండి. నచ్చింది పెట్టుకోండి, రెండోది నాకు తెచ్చీండి. అంగట్లో నిలబడి మొగం సూస్తే ఫోను గుణం తెలీదు."

పళ్ళేలు తుడుస్తున్న నందిని నవ్వింది. "మా వదినకు నిన్ను గూడా అట్ల ఆదివారం దాకా ఇచ్చి సూసుకోమనింటే, శనివారమే తెచ్చి ఇడిసిపెట్టిండును న్నా."

"శుక్రవారమే," అన్నాడు మునిప్రసాద్, ఊరుబిండి పచ్చడి వేలితో నాకుతూ. "శనివారం దాకా యాడ ఓపిక ఆమెకు?"

గంగులమ్మ నవ్వలేదు. ఆమె చూపు ఫోన్ల మీదే ఉంది. పాత బొత్తాల ఫోను మొన్న పళ్ళేలు కడిగే తొట్లో పడిపోయినప్పటి నుంచి ఆమెకు అన్నం సయించడం లేదు. రేణిగుంట రోడ్డు మీద గోదాముల గేటుకు ఎదురుగా ఉన్న ఈ రేకుల షెడ్డుకు బోర్డు లేదు, పేరు లేదు. ఉన్నదల్లా ఆ నెంబరే. కడప దాటంగానే లారీ డ్రైవర్లు ఫోన్ చేసి, "అక్కా, నాలుగు ముద్దలు పక్కన పెట్టు" అంటారు. గోదాములో మూటలు మోసేవాళ్ళు పొద్దున్నే చేసి, "ఈపొద్దు పులుసు ఏంది?" అని అడుగుతారు. రెండు రోజులుగా ఆ నెంబరు మోగలేదు. నందిని సిమ్మును ఆరబెట్టడానికి బియ్యం డబ్బాలో దాచింది. గంగులమ్మ మాటిమాటికీ మూత తీసి, అది ఉందో లేదో చూసుకుంది.

"సిమ్ము ఒకటే గదా. ముందు నీలందాంట్లో ఎయ్యి. నడాన మార్సుకుంటాం," అంది నందిని. తడి చేతులు కొంగుకు తుడుచుకుని నీలం ఫోను తీసుకుంది. అప్పుడే అది తనదైనట్టు దాని వెనక వైపు బొటనవేలితో ఒకసారి నిమిరింది.

గంగులమ్మకు ఫోను ఎత్తడం నేర్చుకోవడానికి ఒక పూట పట్టింది. ఆకుపచ్చ గుర్తును నొక్కకూడదు, పక్కకు జరపాలి. ఆమె నొక్కేది. అవతలి మనిషి మోగి మోగి ఊరుకునేవాడు. "నొక్కబాకు పెద్దమ్మా, తొయ్యి. దోసె మీద నూనె పూసినట్టు తొయ్యి," అని నందిని ఆమె వేలు పట్టుకుని చూపించింది. అట్లా చెప్పిన తరువాత వచ్చింది. కానీ వేలు తడిగా ఉంటే నీలం ఫోను వినేది కాదు. నీటి బొట్టు పడితే దానంతట అదే ఎక్కడికో వెళ్ళి, ఎవరి బొమ్మో చూపించేది. సంగటి ముద్దలు చేసే చేయి తడిగా కాక ఎట్లా ఉంటుంది? గంగులమ్మ మోచేతితో తోసి చూసింది. ముక్కుతో తోసి చూసింది. బల్ల దగ్గర తింటున్నవాళ్ళు నవ్వితే తనూ నవ్వింది.

ఎండలో నిలబడి చూస్తే దాని అద్దం నల్లబడిపోతుంది. విమానాలు దిగే వేళకు దాంట్లో మాట చీమ నడిచినట్టు వినిపిస్తుంది. రేణిగుంటలో విమానం దిగేది షెడ్డు రేకులకు తగిలేటట్టే దిగుతుంది. అయితే ఫోటోల్లో మాత్రం ఆ నీలందే పైచేయి. నందిని పొయ్యి దగ్గర నిలబడి మొదటిసారి వీడియో తీసి చూపించినప్పుడు గంగులమ్మ కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. రాగి పిండి ఎర్రమన్ను రంగు, ఆవిరి, కాలిన కుండ అంచు, అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

"ఇవి నా సేతులేనా?"

"మరెవురివి?"

"ఇన్ని గీతలుండాయే."

"బాగుండాయిలే. ఇంగోసారి సెయ్యి పెద్దమ్మా. ఈసారి దగ్గిరికి పెట్టి తీస్తా. ఫోను గుణం తెలియాలంటే పనిలోనే గదా తెలిసేది."

మధ్యాహ్నం రెండో కుండ. గంగులమ్మ నూకలు మెత్తగా ఉడికిన తరువాత మంట తగ్గించింది. రాగిపిండిని దోసిళ్ళతో తీసి, ఉడుకుతున్న నూకల నడిమధ్య గుట్టగా పోసింది. కలపలేదు. సంగటికట్టె కొనతో గుట్ట నడుమ ఒక కన్నం పొడిచి, మూత పెట్టింది. పెట్టగానే నందిని ఫోను కిందికి దించేసింది.

"ఆపేసినావా?"

"మూత పెట్టినాక సూసేకి ఏముంది పెద్దమ్మా? ఫోన్లో జాగా దండగ. కట్టె పెట్టి గెలికేటప్పుడు మళ్ళా తీస్తా."

గంగులమ్మ ముక్కాలి పీట మీద కూర్చుంది. ఎడమ మణికట్టు కుడి చేత్తో పిసుక్కుంది. ఈ ఎండాకాలం నుంచి కట్టె తిప్పుతుంటే ఆ మణికట్టులో ఏదో జారినట్టు ఉంటోంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే అది నిజమైపోతుందని భయం. మూత అంచు నుంచి వచ్చే ఆవిరి వాసన మారే దాకా ఆమె అట్లాగే కూర్చుంది. పచ్చి పిండి వాసన పోయి, తడిసిన నేల వాసన లాంటిది వచ్చింది. అప్పుడు లేచి, కుండను రెండు పాదాల నడుమ గోనెపట్టా మీద బిగించుకుని కట్టె పట్టింది. నందిని వంగి, ఫోను కుండలోకి పెట్టి తీయసాగింది.

"పిండి ఎన్ని దోసిళ్ళు పోసినావు పెద్దమ్మా?"

గంగులమ్మ తిప్పుతూనే తల ఎత్తి చూసింది. ఈ షెడ్డులో కలిసి పనిచేసిన ఇన్నేళ్ళలో నందిని ఆ మాట అడగలేదు. పులుసు నందినిది, ఊరుబిండి నందినిది, జనంతో మాట నందినిది. సంగటి పెద్దమ్మది. అదెవరూ చేసిన ఏర్పాటు కాదు, అట్లా జరిగిపోయింది.

"నూకలను బట్టి," అంది. మళ్ళీ, అమ్మాయి అడిగింది కదా అని, "ఈ కుండకైతే ఆరు. నా దోసిళ్ళు. నీ సేతులైతే ఏడు పొయ్యి," అంది.

ఆ సాయంత్రం కుండలు బోర్లించేటప్పుడు ఆమెకు చాలా రోజుల తరువాత నడుము నొప్పి తెలియలేదు. తన చేయి పడిపోతే ఈ కట్టె ఎవరు పట్టుకుంటారు, పొయ్యి ఆరిపోతే తను ఎక్కడ కూర్చోవాలి, పొద్దున లేచి ఎవరి మొహం చూడాలి అన్న దిగులు ఆమెను ఈ మధ్య నిద్రపోనివ్వడం లేదు. ఇప్పుడు ఆ పిల్ల తనంతట తానే అడిగింది. ఫోను వంకతోనైనా అడిగింది.

నల్ల ఫోనులోకి సిమ్ము మారిన రోజు గంగులమ్మకు పండగ. దాని చప్పుడు రోడ్డు మీదికి వినిపించింది. మోగగానే టీ కొట్టు కుక్క లేచి నిలబడింది. తడి వేలైనా, పిండి వేలైనా అది పలికింది. విమానం నెత్తి మీదుగా పోతున్నప్పుడే ఒక డ్రైవరు ఫోన్ చేశాడు. గంగులమ్మ ఒక చెవి మూసుకుని, "ఆఁ, వినపడతా ఉండాది, చెప్పు," అని అరిచి, చెప్పినదంతా విని, పెట్టేసి గర్వంగా చుట్టూ చూసింది.

"సూసినావా మే! నెత్తిన విమానం పోతా ఉన్నా మాట పోలేదు. ఇదే మనకు సరి."

"ఫోటో సూడు ముందు," అంది నందిని మొహం ముడుచుకుని. "సంగటి పసుపు పోసి కలిపినట్టుండాది. నీ సేతులకు కామెర్లొచ్చినట్టుండాది."

"ఫోటోలు మనకేల? ఫోను మాట్లాడేకి గదా."

"కాలం మారింది పెద్దమ్మా. ఫోటో సూసే ఎవురైనా వస్తారు." అని, నీలం ఫోనే తీసి దాంతోనే మళ్ళీ వీడియో తీసుకుంది. సిమ్ము లేకపోయినా వీడియో పడుతుందట. తరువాత పంపుకోవచ్చట. ఎవరికి పంపుతావని గంగులమ్మ అడగలేదు. నందిని మొగుడు జయరావు గోదాములోనే పని చేస్తాడు, అతనికి చూపిస్తుందేమో అనుకుంది. అతను చూసి, "పెద్దమ్మ దగ్గర బాగా నేర్చుకో" అంటాడేమో అనుకుంది.

ఈ వారమంతా నందిని మధ్యాహ్నం జనం పలచబడగానే చీర మార్చుకుని బయలుదేరుతోంది. గడప దాటే మనిషిని ఎక్కడికని అడగకూడదు. అడిగితే వెళ్ళిన పని చెడుతుంది. గంగులమ్మ తల్లి అడగలేదు, గంగులమ్మా ఎవరినీ అడగలేదు. "దూరమా?" అని మాత్రం అంటుంది.

"దగ్గిరేలే పెద్దమ్మా," అంటుంది నందిని, తల దువ్వుకుంటూ.

దగ్గర అంటే పిల్లల బడి కావచ్చు, చీటీలామె ఇల్లు కావచ్చు. శనివారం కూడా అట్లాగే అంది. జడ వేసుకుని, పౌడరు రాసుకుని, చెప్పులు విదిలించి వేసుకుంది. "ఫోను మోగితే ఎత్తు. ఇప్పుడొచ్చింది గదా నీకు," అని వెళ్ళింది. గంగులమ్మ వెళ్ళేవాళ్ళ వెనక చూడదు. పొయ్యిలో పుల్ల వెనక్కి లాగి, బల్ల దగ్గరికి వచ్చింది. నలుగురు డ్రైవర్లు ఆలస్యంగా తింటున్నారు. అందులో రాజారత్నం పాత మనిషి. సూళ్ళూరుపేట వైపు సరుకు తోలుతాడు. కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకోకుండా ముద్ద తుంచడు.

ఫోను మోగింది. గంగులమ్మ చేయి తడిగా ఉంది. అయినా తోసింది. తోసేటప్పుడు ఇంకేదో తగిలింది. మాట చెవిలో కాకుండా షెడ్డు అంతటా వినిపించింది.

"నందినమ్మా, కృష్ణమూర్తిని. ఏందమ్మా నువ్వు పంపిన వీడియోలు? మా వంటోళ్ళు అచ్చం అట్లే చేసినారు. మూత పెట్టినారు, మూత తీసినారు, గెలికినారు. అంతా ఉండలు! ఒక మూట పిండి పందులకు పోసినాం. ఒకటో తేదీ గోదాములో క్యాంటీను తెరస్తా ఉండాము. సంగటి లేకుండా తెరిస్తే లేబరు మొగం గూడా సూడరు. ఆ ముసిలామె చేత ఇంగోసారి చేయించి మొదుట్నించి చివర దాకా తీసి పంపు. ఆమెకు మటుకు ఇప్పుడే చెప్పబాక. అలిగి చేతులు ముడుచుకుంటే మనకే కష్టం. నీ గేటు పాసు తయారైంది, వచ్చేటప్పుడు ఫోటో తెచ్చుకో. వింటా ఉండావా?"

నలుగురు డ్రైవర్ల చేతులూ పళ్ళేల్లో ఆగాయి.

"ఆఁ," అంది గంగులమ్మ. "వింటా ఉండా."

"సరే మరి," అని అతను పెట్టేశాడు.

ఆమె ఫోనును ఉప్పు జాడీ పక్కన బోర్లా పెట్టింది. పులుసు గిన్నె చేతిలోకి తీసుకుంది. ఎవరికి వేయాలో మరిచిపోయి అట్లాగే నిలబడింది.

"నాకు కొంచెం పులుసెయ్యక్కా," అన్నాడు రాజారత్నం. పళ్ళెంలో పులుసు నిండుగానే ఉంది. ఆమె వేసింది. అది అంచు దాటి బల్ల మీదికి కారింది.

"నీకు తెలుసనుకున్నాం," అన్నాడతను తల ఎత్తకుండా. "గేటు కాడ బోర్డు గూడా రాసి పెట్టినారు. రాగిసంగటి, నాటుకోడి పులుసు అని. ఇద్దరూ కలిసే పోతా ఉండారనుకున్నాం."

"యాడ బోర్డు?"

"అదే, ఆ గేటు పక్కన. రోడ్డు దాటితే కనపడతాది."

ఆమె రోడ్డు వైపు చూసింది. లారీలు అడ్డంగా నిలబడి ఉన్నాయి. ఆ గేటుకు ఎదురుగానే ఇన్నేళ్ళూ పొయ్యి వెలిగించింది. ఒక్కసారైనా రోడ్డు దాటి అటు పోయిన గుర్తు లేదు. వాళ్ళే దాటి వచ్చేవారు.

"తినండి. సల్లారిపోతాది," అంది.

రాజారత్నం చేయి కడుక్కుని వెళ్ళేటప్పుడు ఏదో చెప్పాలనుకున్నాడు. "దేవుడుండాడక్కా," అన్నాడు చివరికి.

"ఉండాడులే," అంది గంగులమ్మ. "ఆయనకు గూడా సంగటి ఆడే దొరకతాది ఇంగ."

పొద్దు వాలుతుండగా నందిని వచ్చింది. చెప్పులు విప్పకముందే నల్ల ఫోను తీసి చూసింది. ఆమె వేలు ఒక చోట ఆగిపోయింది.

"ఎవురో చేసినట్టుండారే. ఎత్తినావా పెద్దమ్మా?"

గంగులమ్మ ఉల్లిపాయలు కోస్తోంది. "ఎత్తినా. ఎవురో మొగోడు, ఏమో అరిసినాడు. విమానం పోతా ఉండె. ఒగ మాటా వినపళ్ళా."

నందిని భుజాలు కిందికి దిగడం ఆమె చూసింది. బరువు మూట దించినవాళ్ళ భుజాలు దిగినట్టు దిగాయి. తరువాత ఆ పిల్ల హాయిగా చీర కుచ్చెళ్ళు దోపుకుని, పాట ఏదో సన్నగా పాడుకుంటూ పళ్ళేలు తొట్లో వేసింది. నెత్తిన విమానం పోతున్నా ఈ ఫోనులో మాట పోదని నిన్ననే ఇదే చోట గంగులమ్మ అందరి ముందూ చెప్పింది. ఆ మాట నందినికి గుర్తు లేదు. వినే ఉండదు.

గంగులమ్మ ఉల్లిపాయలు కోసింది. అవసరానికి మించి కోసింది. మొదట ఆమెకు ఆ పిల్ల మీద కోపం రాలేదు, తన మీద సిగ్గు వచ్చింది. దోసిళ్ళ లెక్క అడిగినప్పుడు తను ఎంత సంబరపడింది! నీ చేతులైతే ఏడు పొయ్యి అని చెప్పింది కూడా. ఆ రాత్రి పడుకోబోతూ ఆ మాటే గుర్తు చేసుకుని, గోడ వైపు తిరిగింది.

ఆదివారం పొద్దున గోదాములకు సెలవు, జనం తక్కువ. గంగులమ్మ ఎప్పటి కన్నా చిన్న కుండ ఎక్కించింది. నందిని నీలం ఫోనును తుడుస్తూ దగ్గరికి వచ్చింది.

"ఈపొద్దు ఫోన్లు ఇచ్చెయ్యాల గదా పెద్దమ్మా. కడాసారి ఒకటి తీస్తా. పొగలో ఏది బాగా పడతాదో సూడాల. మొదుట్నించి చివర దాకా తీస్తా."

"తియ్యి."

గంగులమ్మ ముఖం కడుక్కుని వచ్చింది. కొంగు నడుముకు చుట్టింది. నూకలు చేతిలోకి తీసి, వేళ్ళ నడుమ నలిపి, ఫోను వైపు చేయి చాచి చూపించింది. ఇట్లా నలగాల అంది. దోసిళ్ళు ఒక్కొక్కటీ నింపి, ఒక్కొక్కటీ ఆపి, పోసింది. గుట్ట చేసింది. కన్నం పొడిచింది. ఇంతకుముందు ఆమె ఎప్పుడూ అంత నిదానంగా చేయలేదు. నందిని ఆశ్చర్యంగా చూస్తూ తీస్తోంది. మూత పెట్టగానే, అలవాటుగా, బొటనవేలు ఫోను అడుగుకు పోయింది.

"ఆపబాకు," అంది గంగులమ్మ.

"ఊరికే మూతే గదా పెద్దమ్మా..."

"నువ్వు మూత పెట్టినప్పుడల్లా ఆపేస్తా వచ్చినావు. అందుకే వాళ్ళకు ఉండలు కట్టింది. మూత పెట్టంగానే తీసేదనుకున్నారు వాళ్ళు. పిండి నడిమికి ఆవిరి పట్టాల. అంతసేపూ ఊరికే కూసోవాల. అది గూడా తియ్యి."

 నందిని ఏదో చెప్పబోయింది.

"ఇప్పుడు మాట్లాడబాకు," అంది గంగులమ్మ. "వాళ్ళు ఆడ వింటారు."

ఆమె పీట మీద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. నందిని నిలబడే ఉంది. ఫోను కుండ వైపే పట్టుకుని ఉంది. పొయ్యిలో ఒక పుల్ల చిట్లింది. స్టేషనులో బండి కూత వేసింది. మూత అంచున నీటి బొట్లు గుంపుగా చేరి, ఒకటొకటిగా కారి, మంటలో పడి చిర్రుమన్నాయి. నందిని కళ్ళల్లోంచి నీళ్ళు కారి చుబుకం దాకా వచ్చాయి. రెండు చేతులూ ఫోను మీద ఉండడంతో తుడుచుకోలేకపోయింది. గంగులమ్మ ఆ కళ్ళ వైపు చూడలేదు. ముక్కు ఎగబీల్చి ఆవిరి వాసన చూసింది. ఇంకా కాలేదు. కూర్చుంది. ఇన్నేళ్ళలో ఆ ఇద్దరూ మాటా మంతీ లేకుండా అంతసేపు ఒకచోట ఉన్నది లేదు.

వాసన మారింది. "ఇప్పుడు," అంది ఫోనుతో. లేచి కట్టె పట్టింది. మణికట్టు జారింది, పళ్ళు బిగపట్టి తిప్పింది. ముద్ద కట్టెకు అంటుకోకుండా కుండను వదిలేదాకా తిప్పింది. ఒక ముద్ద చేసి, పళ్ళెంలో పెట్టి, వేలితో విరిచి, లోపల చూపించింది. ఒక్క ఉండ లేదు.

"అయిపోయింది. ఇంగ ఆపు."

నందిని ఫోనును బల్ల మీద పెట్టి, ముఖం రెండు చేతులతో కప్పుకుంది. "నేను చెప్పాలనే అనుకున్నా పెద్దమ్మా. పొద్దునొస్తే చెప్తాం, సాయంత్రం చెప్తాం అనుకుంటా ఉంటిని. జయరావును ఆడ పనిలోనుంచి తీసేస్తా ఉండారు. నేను వంటలోకి వస్తే ఆయన్ను ఉంచుతామన్నారు. నిన్ను గూడా తీసుకోమని అడిగినా. నీమీద ఒట్టు, అడిగినా. అరవై దాటినోళ్ళకు గేటు పాసు ఇయ్యరంట."

"నా సంగటికి ఇస్తారు."

నందిని కొంగుతో ముఖం తుడుచుకుంది.

"చెప్పింటే నేనే చేసి సూపిచ్చుందును గదమే," అంది గంగులమ్మ. గొంతు పెంచలేదు. "పక్కన నిలబెట్టుకోని, నీ సేతికి కట్టె ఇచ్చి నేర్పించుందును. నువ్వు నా దగ్గిర నేర్సుకుంటా ఉండావని ఎంత మురిసిపోయినానో తెలుసునా నీకు?"

"తెలుసు," అంది నందిని. "అందుకే చెప్పలేకపోయినా."

ఇద్దరు కూలీలు షెడ్డులోకి వచ్చి బల్ల ముందు కూర్చున్నారు. గంగులమ్మ నీళ్ళలో చేయి ముంచింది. "ఊరుబిండి ఎయ్యి వాళ్ళకు," అంది.

మధ్యాహ్నం ఇద్దరూ కలిసే బజారుకు నడిచారు. దారిలో నందిని ఒకటే చెబుతూ వచ్చింది. క్యాంటీను మధ్యాహ్నం పూటే, పొద్దున్నే వచ్చి తను పులుసు చేసి పెడుతుంది, ఆదివారాలు తనదే పూచీ, పండగలకు పిల్లలను తీసుకుని వస్తుంది. గంగులమ్మ, "బండొస్తా ఉండాది, పక్కకు రా," అంది. 

అంగట్లో మునిప్రసాద్ ఒక పగిలిన అద్దానికి బంక పూస్తున్నాడు. "రాండి రాండి. ఏది గెలిసింది?"

"నల్లదే న్నా," అంది నందిని గబగబా. నీలం ఫోనును సంచిలోంచి తీసి అతని ముందు పెట్టింది. "పెద్దమ్మకు అదే నచ్చింది. నాక్కూడా అదే నచ్చింది. ఇది తీసేసుకో."

గంగులమ్మ నీలం ఫోనును మళ్ళీ నందిని వైపు జరిపింది. "రెండూ ఉంచుకుంటాంబ్బా. ఇది దానికి. నల్లది నాకు."

"ఓహో! యాపారం పెరిగిందనమాట," అని నవ్వాడు మునిప్రసాద్. వాళ్ళిద్దరి మొహాలూ చూసి నవ్వు తగ్గించుకున్నాడు. "సరే. మరి సిమ్ము? ఇప్పుడు నల్లదాంట్లో ఉండాది. ఉండనీనా, మార్చేదా?"

 గంగులమ్మ ఎదురు చూసింది. నందిని, నీ దగ్గరే ఉండనీ పెద్దమ్మా అంటుందేమో అని చూసింది. కడప దాటిన డ్రైవర్లు, పొద్దున పులుసు అడిగేవాళ్ళు, అందరూ ఆ నెంబరుకే చేస్తారు. అది లేకపోతే ఆ షెడ్డు రోడ్డు పక్కన నాలుగు రేకులు, అంతే. నందిని గాజు పెట్టెలో వేలాడుతున్న ఫోను కవర్లను చూస్తోంది. ఒక ఎర్ర కవరు మీద ఆమె చూపు నిలిచిపోయింది.

గంగులమ్మ చూసినంతసేపు చూసింది. "సిమ్ము దాని పేరుమీద తీసిందే," అంది చివరికి. "దాందాంట్లోనే ఎయ్యి."

మునిప్రసాద్ సన్నటి సూదితో నల్ల ఫోను పక్కన పొడిచి సిమ్మును బయటికి తీశాడు. గోరంత ముక్క. నీలందాంట్లో పెట్టి మూశాడు. కాసేపటికే అది నందిని చేతిలో మోగింది. నందిని చూసి ఆపేసింది.

"నాకు కొత్తది ఒకటియ్యబ్బా. నా పేరు మీద," అంది గంగులమ్మ, కొంగుముడి విప్పి ఆధార్ కార్డు బల్ల మీద పెడుతూ.

అతను కార్డు చూసి ఏవో కొట్టుకున్నాడు. "ఈడ సూడక్కా. కండ్లు ఆర్పబాకు," అని ఫోటో తీశాడు. ఆమె ఊపిరి బిగపట్టి నిలబడింది. "ఐపోయింది. ఇంగ ఒకటే. ఇంగో నెంబరు చెప్పక్కా, నీ మనిషిది ఎవురిదైనా. దానికి ఒక సంఖ్య వస్తాది. అది కొడితేనే ముందుకు పోతాది."

"ఎవురిదీ లేదు."

"ఏదో ఒకటి ఉండాల అక్కా. ఊరికే గదా."

నందిని ముందుకు వంగింది. "నాది రాసుకో న్నా," అంది. అంకెలు చెప్పసాగింది. "తొమ్మిది, నాలుగు, తొమ్మిది..."

"నీది ఎయ్యబ్బా," అంది గంగులమ్మ, మునిప్రసాద్‌తో.

అతను తల ఎత్తాడు. "నాదా?"

"నీదే ఎయ్యి."

నందిని నోరు తెరిచే ఉంది. మిగిలిన అంకెలు బయటికి రాలేదు. మునిప్రసాద్ ఆమెనొకసారి, గంగులమ్మనొకసారి చూసి, తన నెంబరు కొట్టుకున్నాడు. గంగులమ్మ నల్ల ఫోనును రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. ఆ సంఖ్య కోసం ముగ్గురూ ఊరికే ఎదురు చూశారు. అతని చొక్కా జేబులో చిన్న చప్పుడైంది.